విజిల్ ఊదలేని పీఈటీ: సరిహద్దు పక్క స్కూల్లో నా మే నెల

మాది పెనుకొండ వైపు. ఉద్యోగం మాత్రం 2023 నుంచి పంజాబ్‌లో. ఫిరోజ్‌పూర్ జిల్లాలో ఒక చిన్న ఊళ్లో, కేంద్ర ప్రభుత్వ స్కూల్లో పీఈటీని, అంటే ఆటల టీచర్ని. మా స్కూలు గేటు నుంచి పాకిస్తాన్ సరిహద్దు కంచె 20 కిలోమీటర్లు కూడా ఉండదు. జూన్‌లో సెలవులకు ఇంటికొచ్చాక కలిసిన ప్రతివాళ్లూ "బాంబులు చూసినావా?" అనే అడుగుతున్నారు. 2025 మేలో పాకిస్తాన్‌తో దాడులు, ఎదురుదాడులు నడిచిన ఆ రోజుల్లో స్కూలు ఎలా నడిచిందని ఒక్కరూ అడగలేదు. నాకు చెప్పాలని ఉన్నదేమో అదే. తేదీలు మర్చిపోకముందే రాసి పెడుతున్నాను.

ఏప్రిల్ 22 మంగళవారం. పహల్గామ్‌లో 26 మందిని చంపేశారన్న వార్త మాకు సాయంత్రానికి తెలిసింది. మర్నాడు అసెంబ్లీలో వార్తలు చదివే వంతు ఎనిమిదో తరగతిది. ప్రార్థన, ప్రతిజ్ఞ, సూక్తి, వార్తలు, జనగణమన: మా అసెంబ్లీ వరస ఎప్పుడూ ఇదే. ఆ అమ్మాయి మైకు ముందు నిలబడి మొదటి వాక్యం చదివి ఆగిపోయింది. ముందు వరసలో దాని స్నేహితురాలు ఏడుస్తోంది. ఆ పిల్ల నాన్న బీఎస్ఎఫ్ (సరిహద్దు భద్రతా దళం), అప్పుడు కశ్మీర్‌లోనే డ్యూటీ. ప్రిన్సిపల్ సార్ మైకు తీసుకుని రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. ఆరొందల మంది పిల్లలు ఆ రెండు నిమిషాలూ కదలకుండా నిలబడటం నేను మొదటిసారి చూశాను. మామూలుగా అయితే ముప్పై సెకన్లకే వెనక వరసలో ఎవడో ఒకడు దగ్గుతాడు, ఇంకొకడు నవ్వుతాడు.

ఆ రోజు నుంచి కొత్త రూలు వచ్చింది. అసెంబ్లీలో చదివే వార్తల కాగితం ముందు రోజే ఒక టీచరు చూసి సంతకం పెట్టాలి. పిల్లలు ఫోన్లలో చూసిందల్లా రాసుకొస్తున్నారు మరి. ఒకడు "రాత్రి లాహోర్ మనదైపోయింది" అని రాసుకొచ్చాడు. ఎక్కడ చూశావురా అంటే, మా బాబాయి స్టేటస్‌లో అన్నాడు.

అదే 23వ తేదీన మా ఫిరోజ్‌పూర్ సెక్టార్‌లోనే ఒక బీఎస్ఎఫ్ జవాను పొరపాటున సరిహద్దు దాటి అవతలివాళ్లకు పట్టుబడ్డాడు. మా స్కూల్లో బీఎస్ఎఫ్ పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్లెవరూ ఆ మాట ఎత్తేవాళ్లు కాదు. మిగతా పిల్లలు వాళ్ల దగ్గర ఆ మాట ఎత్తకుండా జాగ్రత్తపడేవాళ్లు. ఎవరు నేర్పారో తెలియదు.

మార్చి 23న మా స్కౌట్స్ పిల్లలను హుస్సేనీవాలా తీసుకెళ్లాం. భగత్‌సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌ల సమాధులు ఉన్నది అక్కడే, సట్లెజ్ ఒడ్డున. సాయంత్రం సరిహద్దు దగ్గర జెండా దించే కవాతు కూడా చూసొచ్చాం. అప్పటి నుంచి చిన్న తరగతుల పిల్లలకు గేమ్స్ పీరియడ్‌లో అదే ఆట. ఇద్దరు ఎదురెదురుగా వచ్చి తలపాగా ఎత్తు దాకా కాలు లేపడం, గేటు తీసినట్టు చేయి తిప్పడం, చివర షేక్‌హ్యాండ్. ఏప్రిల్ చివర్లో అసలు కవాతులో గేటు తెరవడం, చేతులు కలపడం ఆపేశారు. రెండు రోజుల్లో మా పిల్లల ఆట కూడా మారిపోయింది. కాళ్లు లేపుతున్నారు, మీసాలు తిప్పుతున్నారు, చివర ముఖం తిప్పుకుని వెనక్కి వెళ్లిపోతున్నారు. షేక్‌హ్యాండ్ ఏదిరా అంటే "రూల్ మారింది మ్యామ్ జీ" అన్నాడు ఐదో తరగతి వాడు, నాకు తెలియదా అన్నట్టు చూస్తూ.

మే 4న ఫిరోజ్‌పూర్ కంటోన్మెంట్‌లో రాత్రి 9 నుంచి 9:30 దాకా లైట్లన్నీ ఆపే రిహార్సల్ పెట్టారు. మా ఊరికి ఆ ఆర్డర్ లేదు. అయినా మా ఇంటి ఓనరమ్మ, అందరూ బీజీ అంటారు, తనంతట తనే మెయిన్ ఆపేసింది. 71 యుద్ధం నాటికి ఆమెకు పన్నెండేళ్లట. చీకట్లో మంచం మీద కూర్చుని, వాకిట్లో తవ్విన గుంట గురించి, హుస్సేనీవాలా వంతెనను మనవాళ్లే పేల్చేయాల్సి వచ్చిన రోజు గురించి చెప్పింది. నేను భయపడుతున్నానని తెలిసి చివర్లో "కుఝ్ నీ హుందా పుత్తర్" అంది. ఏమీ కాదులే అని. తర్వాతి వారమంతా ఆమె ఆ మాట రోజుకి పదిసార్లు అంది, పదో తేదీ దాకా నాకు నమ్మబుద్ధి కాలేదు.

మే 7న దేశమంతా 244 జిల్లాల్లో మాక్ డ్రిల్ అని 5వ తేదీన వార్త వచ్చింది. మా దగ్గర 6వ తేదీనే ప్రాక్టీస్ పెట్టమన్నారు. ఇక్కడే నా తలనొప్పి మొదలైంది. స్కూల్లో సైరన్ లేదు. ఊళ్లో ఉన్నది ఎప్పటిదో, మోగుతుందో లేదో ఎవరికీ తెలియదు. ప్రిన్సిపల్ సార్ స్టాఫ్ రూమ్‌లో అందరినీ చూసి, చివరకు నా మెడలో విజిల్ చూశారు. "మేడమ్ విజిలే మన సైరన్" అన్నారు.

నిజం సైరన్‌కి ఒక పద్ధతి ఉంది. పైకీ కిందికీ ఊగుతూ మోగితే ప్రమాదం, ఒకే స్థాయిలో ఆగకుండా మోగితే ప్రమాదం పోయినట్టు. విజిల్‌లో ఆ ఊపు తేవడం కష్టం. నేను పొడుగ్గా, మధ్యలో గొంతు తగ్గించి పెంచుతూ ఊదాను. అది వినగానే గ్రౌండ్‌లో ఉన్నవాళ్లు బోర్లా పడుకోవాలి, మోచేతులు ఆనించి, చెవులు మూసుకుని, నోరు కొంచెం తెరిచి ఉంచాలి. తరగతిలో ఉన్నవాళ్లు బల్లల కింద దూరాలి. నాలుగుసార్లు చేయించాం. మొదటిసారి అందరూ నవ్వారు. ఆరో తరగతి పిల్లలైతే నోరు తెరిచి ఉంచమన్నందుకు ఒకరి పళ్లు ఒకరు లెక్కపెట్టుకున్నారు. నాలుగోసారికి పదకొండు సెకన్లలో గ్రౌండంతా నేలమీద ఉంది. స్టాప్‌వాచ్ చూసి నేను గర్వపడ్డాను కూడా. ఆ గర్వానికి తర్వాత నేనే సిగ్గుపడ్డాను.

అదే రోజు హౌస్‌ల మధ్య కబడ్డీ ఫైనల్. శివాజీ హౌస్, టాగోర్ హౌస్. సగం ఆట అయ్యేసరికి శివాజీ 14, టాగోర్ 11. రెండో సగం మొదలుపెట్టే లోపు, జిల్లా నుంచి ఎవరో చూడటానికి వస్తున్నారని ఇంకోసారి డ్రిల్ చేయమన్నారు. ఆట ఆపేశాం. చూడటానికి ఎవరూ రాలేదు. "మిగతాది రేపు ఆడిద్దాం" అని స్కోరు నల్లబోర్డు మీద అలాగే ఉంచేశాను.

రేపు రాలేదు. 7వ తేదీ తెల్లవారుజామున ఫోను మోగింది. స్టాఫ్ గ్రూప్‌లో ఒకటే మెసేజ్: సరిహద్దు జిల్లాల్లో స్కూళ్లు మూత. అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్‌లోనూ, పాక్ ఆక్రమిత కశ్మీర్‌లోనూ తొమ్మిది చోట్ల మనవాళ్లు దాడి చేశారని టీవీలో వస్తోంది. నాకు ముందు గుర్తొచ్చింది స్టోర్ రూమ్ తాళం. జావెలిన్లు, షాట్‌పుట్ గుండ్లు బయటే వదిలేశాను. టెన్షన్‌లో మనిషి బుర్ర ఎటు పోతుందో చెప్పలేం.

ఆ రోజు బజారుకి పోయి కొన్నవి: కిటికీ అద్దాలకు అంటించడానికి నల్ల చార్ట్ షీట్లు 15. మామూలుగా 10 రూపాయలు, ఆ రోజు 20. టార్చి 350, కొవ్వొత్తులు, టేపు, బిస్కెట్లు, పాలపొడి. మొత్తం పదమూడు వందలు దాటింది. ఏటీఎంలో డబ్బు అయిపోయింది, కాబట్టి ఫోన్ పే తీసుకునే కొట్లే దిక్కు. పెట్రోల్ బంకు దగ్గర ట్రాక్టర్ల వరస. సట్లెజ్ దగ్గరి ఊళ్ల నుంచి ట్రాలీల్లో ఆడవాళ్లూ పిల్లలూ మంచాలూ ఫ్యాన్లూ వేసుకుని ముక్త్‌సర్, ఫరీద్‌కోట్ వైపు చుట్టాల ఇళ్లకు పోతున్నారు. ఒక ట్రాలీ మీద నుంచి ఎవరో "మ్యామ్ జీ!" అని చెయ్యూపారు. శివాజీ హౌస్ కబడ్డీ కెప్టెన్. తొమ్మిదో తరగతి. మంచం కోడుకు గేదె దూడ కట్టేసి ఉంది, వాడు దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. "ఫైనల్ ఎప్పుడు?" అని అరిచాడు. నేను ఏదో చెప్పేలోపే ట్రాలీ వెళ్లిపోయింది.

8వ తేదీ రాత్రి. ధర్మశాలలో పంజాబ్ కింగ్స్ మ్యాచ్ నడుస్తోంది. ఫోన్ బ్రైట్‌నెస్ తగ్గించి దుప్పటి కింద చూస్తున్నాను. 10.1 ఓవర్ల దగ్గర ఆట ఆగింది. ముందు ఒక టవర్ లైట్లు పోయాయన్నారు, కాసేపటికి జనాన్ని ఇళ్లకు పంపేశారు. అప్పటికే మా ఊళ్లోనూ చీకటి. ఇన్వర్టర్ ఉన్నవాళ్ల ఇళ్లలో కరెంటు పోగానే వాటంతట అవే లైట్లు వెలుగుతాయి, ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. వీధంతా "బత్తీ బంద్ కరో!" అని కేకలు. నేను మజ్జిగ కోసం ఫ్రిజ్ తీశాను. వంటగది కిటికీ నిండా వెలుగు! ఎదురింటాయన నన్ను తిట్టిన తిట్లు నా రెండేళ్ల పంజాబీకి కొన్ని అర్థం కాలేదు, అదే మంచిదయింది.

తర్వాత దూరంగా శబ్దాలు మొదలయ్యాయి. ఉరుము లాంటివి, కానీ ఉరుములో ఉండే సాగు వీటిలో లేదు. దబ్ దబ్‌మని తెగిపోతాయి. ఉత్తరం వైపు ఆకాశంలో ఎర్రటి చుక్కలు పైకి పోయి ఆరిపోయాయి. మేడ మీదకు వెళ్లొద్దని అందరికీ చెప్పారు, అందరూ మేడల మీదే ఉన్నారు.

అదే రాత్రి మా వాచ్‌మన్ ఫోన్ చేశాడు. బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన ఉన్న సోలార్ దీపం ఆరడం లేదని. దానికి స్విచ్ లేదు. పొద్దుగూకితే వెలుగుతుంది, అంతే. ఊరంతా కాటుక పూసినట్టుంటే మా స్కూల్లో ఒక్కటే దీపం దేదీప్యమానంగా వెలుగుతోంది. ఊళ్లోవాళ్లు గేటు దగ్గర చేరి గొడవ చేస్తున్నారట. మా ఇల్లు స్కూలుకి రెండు వీధులు. బీజీ వద్దంటున్నా పోయాను. అతను నిచ్చెన ఎక్కాడు, నేను కింద పట్టుకున్నాను, గోధుమల గోనె సంచి ఒకటి దీపానికి తొడిగి స్కిప్పింగ్ తాడుతో కట్టాం. నిచ్చెన పట్టుకున్న నా చేతులు ఎంత వణికాయంటే "మేడమ్ జీ, మీరు వదిలేయండి, అప్పుడే నయం" అన్నాడు.

9వ తేదీ పంజాబ్ మొత్తం స్కూళ్లు, కాలేజీలు మూడు రోజులు మూసేశారు. ఐపీఎల్ ఆపేశారు. మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. అప్పటిదాకా రోజుకి ఆరుసార్లు చేసి "తింటివా, పండుకుంటివా" అనేది. ఆ రోజు ఏమీ అడగలేదు. "గోరంట్ల పక్క కల్లి తండా పిల్లోడంట పాపా, మురళీ నాయక్ అంట. జమ్మూ దిక్కు పోయినాడు" అని మాత్రం అంది. సరిహద్దు కాల్పుల్లో చనిపోయిన ఆ జవాను గురించి నేనూ టీవీలో చూశాను అప్పటికే. గోరంట్ల మాకు బస్సులో పోయి సాయంత్రానికి తిరిగొచ్చే దూరం. చిన్నప్పుడు జోనల్ ఆటలకు అక్కడికి పోయేవాళ్లం. ఫిరోజ్‌పూర్‌లో కూర్చుని నేను భయపడుతుంటే, చావు కబురు మా జిల్లాకు పోయింది. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అమ్మ, "ఢిల్లీలో ఏపీ భవన్ కాడికి పంజాబ్‌లో చదివే పిల్లోళ్లంతా వస్తాండారంట, నువ్వూ బయల్దేరి పో" అంది.

పోవచ్చా అంటే పోకూడదు. ముందు చెప్పకుండా ఊరు వదలొద్దని స్టాఫ్‌కి ఆర్డర్. అయినా అమ్మ నోరు మూయించడానికి టాక్సీ అడిగాను. ఢిల్లీకి మామూలుగా ఎనిమిది వేలు తీసుకునే అతను పద్నాలుగు వేలు, అదీ పగలైతేనే అన్నాడు. ఆ మాట అమ్మకు చెప్తే "నీ గాజులు నేను తాకట్టు పెడ్తా" అంది. పోలేదు. ధైర్యం వల్ల కాదు, సెలవు అడిగితే ప్రిన్సిపల్ సార్ ఏమంటారోనని.

ఆ రాత్రే ఫిరోజ్‌పూర్ జిల్లాలో ఖాయీ ఫేమే కీ అనే ఊళ్లో డ్రోన్ ఒక ఇంటి మీద పడింది. ముగ్గురికి ఒళ్లు కాలింది. ఆ ఇంటి తల్లి కొద్ది రోజులకు ఆసుపత్రిలో చనిపోయింది. దీని గురించి నేను ఎక్కువ రాయలేను.

10వ తేదీ సాయంత్రం 5 నుంచి కాల్పుల విరమణ అన్నారు. ఆరు గంటలకు నా ఫోన్లో పదిహేడు మెసేజ్‌లు, అన్నీ పిల్లలవే, అన్నిటిలో ఒకటే ప్రశ్న: ఫైనల్ రేపా, సోమవారమా? రాత్రి మళ్లీ చీకటి, మళ్లీ శబ్దాలు. మెసేజ్‌లు ఆగిపోయాయి.

12వ తేదీ నుంచి మాకు ఆన్‌లైన్ క్లాసులు పెట్టమన్నారు. ఆటల టీచరు ఆన్‌లైన్‌లో ఏం చెప్పాలి? ఉదయం 7 గంటలకు యోగా అన్నారు. రాత్రంతా నిద్ర లేని పిల్లలకు, నిద్ర లేని నేను, కిటికీలకు నల్ల కాగితాలు అంటించిన గదిలో ట్యూబ్‌లైట్ కింద సూర్యనమస్కారాలు నేర్పాను. నలభై మందిలో పదమూడు మంది వచ్చారు. కబడ్డీ కెప్టెన్ ముక్త్‌సర్‌లో గేదెల కొట్టం నుంచి కలిశాడు. దూడ కెమెరాను నాకింది. మూడు రోజుల తర్వాత మేమందరం నవ్వింది అప్పుడే, కాబట్టి ఆ ఆర్డర్ ఇచ్చినవాళ్లను పూర్తిగా తిట్టలేను. 13న టెన్త్, ట్వెల్త్ ఫలితాలు వచ్చాయి. స్కూలు మూసి ఉండగానే ఒక తండ్రి గేటు దగ్గర వాచ్‌మన్‌కి లడ్డూల డబ్బా ఇచ్చి వెళ్లాడు.

మా స్కూలు 14న తెరిచారు. అదే రోజు, పట్టుబడిన బీఎస్ఎఫ్ జవాను అట్టారీ మీదుగా తిరిగొచ్చాడు. వచ్చిన పిల్లలు సగం కంటే తక్కువ. అసెంబ్లీ గ్రౌండ్‌లో వద్దన్నారు, అందరినీ ఒకచోట గుంపుగా చేర్చొద్దని. ఎవరి తరగతిలో వాళ్లు నిలబడితే మైకులో ప్రార్థన. నేను వరండాలో నిలబడి విన్నాను. ఒక్కో గది నుంచి ఒక్కో వేగంతో జనగణమన. ఒక గది ముగించేసరికి ఇంకో గది ఇంకా "వింధ్య హిమాచల" దగ్గర ఉంది.

మూడో పీరియడ్ ఆరో తరగతి గేమ్స్. పిల్లలు గ్రౌండ్‌లో చెల్లాచెదురుగా పరిగెడుతున్నారు. పద్నాలుగేళ్ల సర్వీసు అలవాటు, ఆలోచించలేదు. అందరినీ వరసలో రమ్మని విజిల్ పొడుగ్గా ఊదాను.

ఇరవై ఆరు మంది పిల్లలూ ఉన్నచోట ఉన్నట్టే నేలమీద పడిపోయారు. బోర్లా, చెవులు మూసుకుని, నోరు తెరుచుకుని. ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఎవరి పళ్లూ లెక్కపెట్టలేదు. మే నెల మట్టి కాలుతోంది, మోచేతులు చుర్రుమంటాయి, అయినా ఒక్కరు తల ఎత్తలేదు. వాళ్లకు అలా నేర్పింది నేనే, పదకొండు సెకన్లని మురిసిపోయింది నేనే. ప్రమాదం లేదని చెప్పాలంటే మళ్లీ విజిలే ఊదాలి. నా నోట్లోంచి గాలి రాలేదు. ఒక్కొక్కరి దగ్గరికీ నడిచి వెళ్లి, వీపు మీద తట్టి లేపాను. చివరి అమ్మాయి లేవలేదు. పక్కన కూర్చున్నాను. కాసేపయ్యాక "అయిపోయిందా మ్యామ్ జీ?" అంది.

ఆ రోజు ఇంటికెళ్లి విజిల్ డ్రాయర్‌లో పడేశాను. రెండు విజిళ్లూ.

మరి గ్రౌండ్‌లో పిల్లలను పిలిచేదెట్లా? చప్పట్లు వినపడవు. బ్యాండ్ డ్రమ్ కొట్టి చూశాం, మొదటి దెబ్బకే ఇద్దరు ఉలిక్కిపడ్డారు. పరుగు పందేలకు వాడే చెక్క క్లాపర్ అయితే ముట్టుకోనే లేదు. చివరకు నా దేవుడి గూట్లో ఉన్న చేతి గంట తీసుకెళ్లాను. పంజాబ్ పోయేటప్పుడు అమ్మ సామాన్లలో పెట్టిన ఇత్తడి గంట. అది మోగిస్తే ఎవరూ పడుకోలేదు. "మ్యామ్ జీ, ప్రసాదం ఉందా?" అన్నారు. ఆ తర్వాత రెండు వారాలు నేను గంట పట్టుకునే తిరిగాను. తోటి టీచర్లు పూజారమ్మ అన్నారు, అనుకోనీ.

క్లబ్బుల సంగతి కొంచెం చెప్తాను. ఎకో క్లబ్ పిల్లలు ఏప్రిల్‌లో నాటిన వేప, కానుగ మొక్కలు నలభై. వారం రోజులు నీళ్లు లేక సగం పోయి ఉంటాయనుకున్నాం. పోయినవి ఆరే. రాత్రంతా మేలుకుని ఉండాల్సి వచ్చిన వాచ్‌మన్, తోచక చీకట్లోనే నీళ్లు పోశాడట.

స్కౌట్స్‌కి మాత్రం ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. అంతకుముందు యూనిఫాం ఇస్త్రీ చేయడానికి బద్ధకించినవాళ్లు కూడా వచ్చి, పౌర రక్షణ వాలంటీర్లుగా పేర్లు రాసుకోమన్నారు. 18 ఏళ్లు నిండాలని చెప్తే వాళ్లు ఒప్పుకోరు. ఒక పదో తరగతి అబ్బాయి నాతో వారం మాట్లాడలేదు. మెడకు కట్టుకునే స్కార్ఫ్‌తోనే విరిగిన చేతికి ఊతకట్టు కట్టడం, తలకు కట్టు కట్టడం నేర్పాం. ఇది నేను ఏళ్లుగా నేర్పుతున్నదే. ముడి ఎందుకు విప్పడానికి తేలిగ్గా ఉండాలని ఈసారే మొదటిసారి పిల్లలు అడిగారు.

పుస్తకాల క్లబ్ వాళ్లది ఒక గోడపత్రిక ఉంది. ఏడో తరగతి పిల్లలు దానికి "మేం ఇల్లు వదిలేటప్పుడు ఏం తీసుకెళ్లాం" అని జాబితా రాశారు. ఆధార్ కార్డులు, భూమి కాగితాలు, అమ్మ గాజులు, క్రికెట్ బ్యాట్, కుట్టుమిషన్, హోంవర్క్ నోటుబుక్ (ఇది ఎవరూ నమ్మలేదు), కుక్కపిల్ల, పక్కింటి ముసలాయన. ఆఖరిది రాసిన పిల్లను "ముసలాయన వస్తువా?" అని ఏడిపించారు. "రానన్నాడు, ఎత్తుకుని తీసుకెళ్లాం, అందుకే రాశాను" అంది. ఇంత మంచి గోడపత్రిక మా స్కూల్లో నేను చూడలేదు. అసెంబ్లీ గోడ మీద పెట్టొద్దన్నారు పైవాళ్లు, పిల్లలు భయపడతారని. రాసిందే పిల్లలు కదా అని నేనూ లైబ్రరీ మేడమ్ వాదించాం. లైబ్రరీ లోపల పెట్టుకోనిచ్చారు. ఇంటర్వెల్‌లో లైబ్రరీ నిండిపోవడం మొదలైంది.

కబడ్డీ ఫైనల్ మే 24, శనివారం, ఉదయం ఏడున్నరకు. అప్పటికి అసెంబ్లీ మళ్లీ గ్రౌండ్‌కి వచ్చింది. నల్లబోర్డు మీద 14–11 అలాగే ఉంది, ఎవరో అంచుల వెంట పూలు కూడా గీశారు. శివాజీ హౌస్‌లో ఏడుగురిలో ఐదుగురే తిరిగొచ్చారు. ఐదుగురితో ఆడితే ఓడిపోతాం, ఇంకో వారం ఆగుదామని శివాజీ వాళ్లు. ఆగితే సెలవులొస్తాయని నేను. టాగోర్ కెప్టెన్ వచ్చి "మేమూ ఐదుగురమే ఆడతాం" అన్నాడు. రూల్ పుస్తకంలో లేదు, నేను పుస్తకం తీయలేదు.

గంటతో కబడ్డీ ఆడించడం అంత తేలిక కాదని అప్పుడు తెలిసింది. మూడొందల మంది అరుస్తుంటే గంట ఎవడికి వినపడుతుంది? టాగోర్ కుర్రాడు కూతకు వచ్చి, కూత ఆగిపోయాక కూడా ఇద్దరిని తాకి గీత దాటాడు. నేను గంట కొట్టానంటాను, వాడు వినలేదంటాడు, జనం రెండు పార్టీలయ్యారు. పదిహేను నిమిషాలు ఆట ఆగింది. అప్పుడు శివాజీ కెప్టెన్, ఆ దూడ అబ్బాయి, నా దగ్గరికి వచ్చి మెల్లగా "విజిల్ ఊదండి మ్యామ్ జీ, చిన్నగా. పొడుగ్గా వద్దు" అన్నాడు. విజిల్ తేలేదని చెప్పాను. వాడు నోట్లో రెండు వేళ్లు పెట్టుకుని ఈల వేశాడు. పొట్టిగా. నేను చూస్తున్నది జనాన్ని. కొందరు ఆరో తరగతి పిల్లల భుజాలు బిగుసుకున్నాయి, కానీ ఎవరూ పడుకోలేదు.

ఆ పాయింట్లు ఇవ్వలేదు. టాగోర్ అయినా గెలిచింది, 26–25. శివాజీ వాళ్లు ఇప్పటికీ నాదే తప్పంటారు. అదే సాయంత్రం జైపూర్‌లో మళ్లీ ఆడించిన మ్యాచ్‌లో పంజాబ్ కింగ్స్ ఢిల్లీ చేతిలో ఓడిపోయింది. మా వైపంతా బెంగళూరు అభిమానులమని తెలిసి, ఆ ఓటమి కూడా నా ఖాతాలోనే వేశారు.

మే 31 ఆఖరి పని దినం. జూన్ 1 రాత్రి ఫిరోజ్‌పూర్ నుంచి పంజాబ్ మెయిల్, ఢిల్లీలో దిగి కర్ణాటక ఎక్స్‌ప్రెస్, ధర్మవరంలో దిగితే ఇల్లు. స్టోర్ రూమ్ లెక్క చూసుకుంటుంటే స్కిప్పింగ్ తాళ్లలో ఒకటి తగ్గింది. ఎక్కడుందో అప్పుడు గుర్తొచ్చింది. బాస్కెట్‌బాల్ కోర్టు దగ్గరికి పోయి చూస్తే, సోలార్ దీపానికి గోనె సంచి అలాగే ఉంది. పక్షి ఏదో దాని మడతలో గడ్డి కూడా చేర్చుకుంటోంది. వాచ్‌మన్‌ని పిలిచి, సెలవులకు ముందే దాన్ని తీసేద్దామన్నాను.

"మూడో తారీఖున మళ్లీ డ్రిల్ అంట కదా మేడమ్ జీ, రెండుసార్లు ఎక్కడం ఎందుకు" అన్నాడు. నిచ్చెనను మాత్రం స్తంభానికే ఆనించి ఉంచాడు.